ఒడ్డున చెప్పులకు కాపలా ఎవరు?

సెలవులకు అండమాను వెళ్ళివచ్చే కుటుంబాలు ఈ మధ్య మనలో బాగా ఎక్కువయ్యాయి. వాళ్ళు తెచ్చే ఫోటోలు ఒకసారి చూడండి. పిల్లలు నీళ్ళలో వుంటారు, నాన్నగారు మోకాలి లోతులో నిలబడి వుంటారు, అమ్మ మాత్రం ఒడ్డున నాలుగు జతల చెప్పులకీ తువ్వాళ్ళకీ కాపలా కూర్చుని వుంటుంది. రమ్మంటే, "నాకు ఈత రాదు, మీరు వెళ్ళండి" అంటుంది. ఈ వారం మాట్లాడేది ఆ అమ్మతోనే.

ఈత రాకపోతే ఏమండీ? స్నార్కెలింగుకు ఈతతో పనిలేదు. కళ్ళకూ ముక్కుకూ కలిపి ఒక అద్దం, నోట్లో ఒక గొట్టం, ఒంటికి లైఫ్ జాకెట్. నీటిమీద బోర్లా తేలుతూ కిందికి చూడటమే పని. పక్కన చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి వుంటాడు. స్వరాజ్ ద్వీప్‌లో (2018 దాకా దాని పేరు హేవ్‌లాక్) ఎలిఫెంట్ బీచ్ ఇందుకు పేరుపడ్డది. పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చిన వూరికి, ఎదురుగా వున్న నార్త్ బే మరొకటి. భాష రాదని బెంగ వద్దు. విశాఖ నుంచి ఓడలెక్కి వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు చాలామంది వున్నారు. పడవ దగ్గర "రండమ్మా" అన్న పిలుపు వినబడ్డా ఆశ్చర్యపోకండి.

కష్టమల్లా మొదటి రెండు నిమిషాలే. పుట్టిన దగ్గర నుంచీ ముక్కుతో గాలి పీల్చిన మనిషిని నోటితో పీల్చమంటే గుండె దడదడలాడుతుంది. అందుకని తొందరపడి లోతుకు పోవద్దు. నడుము లోతులో నిలబడి, ముఖం మాత్రం నీళ్ళలో పెట్టి, నిదానంగా ఇరవై శ్వాసలు లెక్కపెట్టండి. ఇరవయ్యోది అయ్యేసరికి దడ తగ్గుతుంది, కళ్ళు చూడటం మొదలుపెడతాయి. చిలకముక్కు చేపలు పగడపు రాతిని కొరుకుతూ వుంటాయి. ఆ కటకట చెవికి వినబడుతుంది కూడా. అవి కొరికి విసర్జించిన పొడే ఇలాంటి దీవుల్లో తెల్లని ఇసుకలో కొంత భాగం! నీళ్ళలో వస్తువులు వున్నదానికంటే పెద్దవిగా, దగ్గరగా కనిపిస్తాయి కనుక, జానెడు చేపను మూరెడని ఇంటికొచ్చి చెప్పే మగవారిని మరీ తప్పుపట్టకండి.

అద్దం మసకబారకుండా లోపల కాస్త ఉమ్మి రుద్ది కడుగుతారు. ఆచారవంతులు ఈ వాక్యం చదవనట్టే వుండవచ్చు. బుర్రమీసాల వారికి అద్దం అతకక నీళ్ళు కారతాయి. మీసమో, చేపలో, తేల్చుకోవలసింది వారే.

ఇక స్కూబా. వీపున గాలిసీసా, పక్కన శిక్షకుడు. ఈత రానివారిని కూడా మొదటిసారి తీసుకువెడతారు. పదేళ్ళు నిండని పిల్లలను మాత్రం తీసుకువెళ్ళకూడదు. దిగేటప్పుడు, తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సులో పట్టేసినట్టుగానే చెవులు పట్టేస్తాయి. ముక్కు మూసుకుని మెల్లగా గాలి వత్తితే సర్దుకుంటాయి. నొప్పి పుట్టాక కాదు, పుట్టకముందే వత్తాలి. జలుబు వుంటే ఆ రోజుకు మానెయ్యాలి. రెండోది మరీ ముఖ్యం: లోపల ఊపిరి బిగబట్టకూడదు. పది మీటర్ల లోతున వత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడ పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ పెరుగుతుంది. బిగబడితే ఊపిరితిత్తులకే ముప్పు. ఇంకోమాట. అంతా బాగుందని బొటనవేలు పైకెత్తి చూపకండి. నీళ్ళలో దానికి "పైకి పోదాం" అని అర్థం, వెంటనే తెచ్చి పడవలో కూర్చోబెడతారు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టడమే అక్కడ "బాగుంది".

దిగేముందు ఒక కాగితం ఇస్తారు. ఉబ్బసం వున్నదా, గుండెజబ్బు వున్నదా, రక్తపోటు, మూర్ఛ, చెవి ఆపరేషన్, గర్భం అని అడుగుతుంది. ఇక్కడే నాకు భయం. మనలో చాలామంది ఇల్లాళ్ళు ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పకుండా మాత్ర వేసుకుని వంటింట్లోకి పోయేవారు. "అందరి సరదా ఎందుకు పాడుచెయ్యడం" అని అన్నిటికీ "లేదు" అని గీసి సంతకం పెట్టేస్తారు. ఆ సంతకం మీ ఊపిరికి కాపలా కాయదు, తల్లీ! వూళ్ళో వుండగానే మీ డాక్టరును అడగండి. వద్దంటే అద్దపు అడుగున్న పడవ ఎక్కండి. ఒళ్ళు తడవకుండా అవే చేపలు కనిపిస్తాయి. డబ్బు ముందే కట్టేశామని ఇంటాయన గొణిగితే గొణగనివ్వండి.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా వుంటుంది. ఉప్పునీటి మొసళ్ళున్న ద్వీపాలు కనుక హెచ్చరిక బోర్డు వున్నచోట, కాపలావాళ్ళు వద్దన్నచోట దిగకండి. పగడాలు రాళ్ళు కావు, ప్రాణులు. వాటిమీద నిలబడకండి.

స్కూబా చేసిన వెంటనే విమానం ఎక్కకూడదు. ఒక్కసారి మునిగితే కనీసం పన్నెండు గంటలు, ఎక్కువసార్లు మునిగితే పద్ధెనిమిది గంటలు ఆగాలి. కాబట్టి సముద్రం పని ముందే ముగించి చివరి రోజును బజారుకు వదలండి. అక్కడ ఎవరైనా పగడపు కొమ్మ చవకగా ఇస్తామన్నా తీసుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.