ఆ ఆకాశం ఎందుకు తెల్లగా ఉంటుంది?

మూతపడ్డ కార్ఖానాలను నలుపు తెలుపు ఫిల్ము మీద తీయడం గతం మీద బెంగేనని, శిథిలాలకు అందం పూయడమేనని ఈమధ్య తరచు వింటున్నాను. ఫోనుతో తీసి రంగు తీసేస్తే అదే బొమ్మ వస్తుందట. ఆ బెంగకు సాక్ష్యంగా జర్మనీకి చెందిన ఫోటోగ్రాఫర్లు బెర్న్‌డ్, హిల్లా బెషర్ దంపతుల పేరు చెబుతున్నారు. వాళ్ల ఫోటోలను నిదానంగా చూసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు.

బెర్న్‌డ్ 1931లో సీగెన్‌లో పుట్టాడు. ఇనుప గనుల ప్రాంతమది. మొదట అతను గని కట్టడాలను చేత్తో గీసేవాడు. ఒకచోట గీస్తుండగానే కూల్చివేత మొదలైంది. బొమ్మ పూర్తయ్యేలోగా కట్టడం మిగలదని కెమెరా అందుకున్నాడు. ఆ తొందరలో బెంగకు తీరికెక్కడిది? 1959 నుంచి హిల్లా తోడైంది. ఫోటోగ్రఫీని పద్ధతిగా నేర్చుకున్నది ఆమే.

చూసేవాళ్ల మనసు కరిగించాలనుకుంటే సాయంత్రపు ఏటవాలు ఎండలో, ఎర్ర ఫిల్టరు పెట్టి, ఆకాశాన్ని నల్లగా చేసి తీస్తారు. బెషర్లు మబ్బు పట్టిన రోజు కోసం కాచుకున్నారు. అప్పుడు ఆకాశం ఒకే తెలుపుగా వస్తుంది, నీడలు పడవు, ప్రతి గొట్టమూ ప్రతి దూలమూ విడివిడిగా కనిపిస్తాయి. పెద్ద ప్లేటు కెమెరాను పైకి వంచకుండా లెన్సును మాత్రమే ఎత్తుతారు కాబట్టి బురుజు వెనక్కి వాలినట్టు రాదు. గనిలోకి మనుషులను దింపి, బొగ్గును పైకి తెచ్చే హెడ్‌గేర్‌నే తీసుకోండి. దాని ఏటవాలు కాళ్లు ఇంజను ఇల్లున్న వైపుకే చాచి ఉంటాయి. తాడు లాగే బలం అటే పనిచేస్తుంది కనుక. తొమ్మిది హెడ్‌గేర్లను ఒకే సైజులో, ఒకే వెలుతురులో వరసగా పేర్చి చూపిస్తే ఈ సంగతి ఇంజనీరు కానివాడికీ అర్థమవుతుంది. అదే రంగుల్లో తీసి, ఒకదానికి పచ్చ పెయింటు, ఇంకోదానికి ఎర్ర తుప్పు కనబడితే కన్ను ముందు వాటి దగ్గరే ఆగిపోతుంది.

మన్నిక సంగతీ ఉంది. రంగుల ఫిల్ములో బొమ్మను నిలిపేవి అద్దకపు రంగులు, అవి వెలిసిపోతాయి. నలుపు తెలుపులో నిలిపేది వెండి. పారిశ్రామిక కట్టడాల రికార్డు కోసం 1969లో అమెరికాలో మొదలైన ప్రభుత్వ కార్యక్రమం పెద్ద సైజు నలుపు తెలుపు నెగటివ్‌లను కోరింది ఇందుకే. వాటిని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రపరుస్తున్నారు. డిజిటల్ కెమెరాతోనూ శ్రద్ధగా తీయొచ్చు, కాదనను. రంగు తీసేసినంత మాత్రాన ఆ శ్రద్ధ రాదు.

ఒక్క ఆరోపణను మాత్రం కొట్టిపారేయలేను. ఈ ఫోటోల్లో మనుషులు లేరు. కార్మికుడి ఊపిరితిత్తుల్లో చేరిన బొగ్గు దుమ్ము వీటిలో కనిపించదు. దానికి వేరే ఫోటోలు, వేరే పుస్తకాలు కావాలి. కానీ అతను పనిచేసిన చోటే మాయమైతే ఆ కథను ఎక్కడ నిలబడి చెబుతాం? డోర్ట్‌మున్డ్‌లో త్సోలెర్న్ గని 1966లో మూతపడింది. దాని యంత్రశాలను కూల్చబోతున్నప్పుడు కాపాడాలన్నవాళ్లలో బెషర్లూ ఉన్నారు. 1969లో దానికి రక్షణ దొరికింది. ఇవాళ అక్కడ మ్యూజియం ఉంది, గని కార్మికుల జీవితాలను చెప్పే మ్యూజియం.

వరంగల్లులో 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు మనకిప్పుడు లేదు. దాని పైకప్పు వెలుతురును ఏ దిక్కునుంచి తీసుకునేది, బాయిలరు ఇంటికీ నేత షెడ్డుకూ మధ్య ఎంత దూరం, షిఫ్టు మారేటప్పుడు జనం ఏ గేటులోంచి వచ్చేవారు? అటు వెళ్లినప్పుడల్లా నాకు తెలుసుకోవాలనిపించేవి ఇవే. ఒక మబ్బు రోజున పెద్ద కెమెరాతో దాని నాలుగు వైపులా తిరిగిన మనిషి దగ్గర వీటికి జవాబులుంటాయి.