ఫలహిమము - ఇంటిలోనే చేసికొను విధము



రోహిణీకార్తెలో ఱోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుదురు. ఱోళ్ల మాట యెట్లున్నను, ఆ దినములలో పొయ్యియొద్ద నిలుచు ఇల్లాలి తల మాత్రము తప్పక పగులుచుండును. బడులకు సెలవులగుటచే పిల్లలందఱు ఇంటనేయుందురు. జాముజామునకు వారికేదైన చల్లనిది కావలయును. వీథిలో మంచుబండివాని గంట మ్రోగినతోడనే పరుగెత్తుకొనిపోయి, ఎఱుపు పచ్చరంగుల నీటిలో ముంచిన మంచుముద్దలు చప్పరించుచు వత్తురు. వలదన్న నేడ్పు; సరేయన్న మనకు దిగులు. ఈ చిక్కునుండి బయటపడుటకు మన వంటయింటనేయున్న మిక్సీతోను, ఫ్రిజ్జుతోను, మంచి పండ్లతోను చేసికొనదగిన ఒక చల్లని తినుబండారమును గూర్చి ఈ మాసము ముచ్చటింపదలచితిని.

దీనిని పాశ్చాత్యులు సార్బే అందురు. పేరు క్రొత్తగా దోచినను ఇది మన యెఱిగిన షర్బత్తునకు చుట్టమే. త్రాగుట యను నర్థముగల అరబ్బీ ధాతువునుండి పుట్టిన మాట తురుష్కుల నోట షెర్బెత్తయి, ఇటలీవారి నోట సొర్బెత్తోయై, ఫ్రెంచివారి నోట సార్బేయైనది. పాలు, మీగడ లేక, పండ్లరసము, పంచదార, నీరు మాత్రమే కలిపి గడ్డకట్టించునది గనుక నేను దీనిని ఫలహిమమని పిలుచుకొందును. మీకింకను మంచి పేరు దోచినచో వ్రాయుడు.

మన మైదానదేశమువారికి మంచు కావ్యములలో చూచిన వస్తువే గాని కంట చూచినది గాదు. ప్రవరుని పాదలేపనము మంచు తగిలి కరగిపోయెనని మనుచరిత్రమున చదివి విస్మయపడినవారమే గాని, ఆ మంచు ఎట్లుండునో చాలకాలము మనకు దెలియదు. మొగలాయీల కాలమున సురేకారము నీటిలో కరగించి, ఆ నీటిలో పాత్రలుంచి త్రాగునీటిని చల్లపఱచెడివారని ఐనీ అక్బరీలో గలదు. 1833వ సంవత్సరమున అమెరికాలోని బోస్టను నగరమునుండి చెఱువుల మంచుగడ్డలు ఓడపై కలకత్తాకు వచ్చెను. చెన్నపట్టణమున 1842లో సముద్రపుటొడ్డున అట్టి మంచును దాచుటకే ఒక భవనము గట్టిరి. 1897లో వివేకానందస్వామి బసచేసిన ఐస్‌హౌస్ అదియే. ఆ రోజులలో దొరలకు మాత్రమే దొరకిన మంచు నేడు పల్లెటూరి ఇండ్లలో సయితము ఒక చిన్న అరలో తయారగుచున్నది. ఇంకొక సంగతి మీకు సంతోషము కలిగించును. చేతితో త్రిప్పి రసములను గడ్డకట్టించు యంత్రమునకు 1843లో అమెరికాలో పేటెంటు పొందినది నాన్సీ జాన్సను అను స్త్రీయే.

ఇక అసలు విషయము. ఇంటిలో చేసికొనుటవలన నేమి లాభమని కొందఱడుగవచ్చును. మా వీథిలో నొక పిల్లవానికి పోయిన వేసవిలో కామెర్లు వచ్చి, నెలదినములు మంచము దిగలేదు. పరీక్షించిన వైద్యుడు శుభ్రములేని నీటివలన వచ్చినదని చెప్పెను. ఆ నీరు ఎచ్చటిదో ఎవరు నిర్ణయింపగలరు? కాని మనమందఱమును మనసున నుంచుకొనదగిన సత్యమొకటి గలదు. నీరు గడ్డకట్టినంతమాత్రమున అందలి క్రిములు చావవు. సన్నిపాతజ్వరపు క్రిములును, కామెర్లు కలిగించు క్రిములును మంచులో నిద్రించుచుండి, కడుపున బడగానే మేల్కొనును. కావున చల్లగా నున్నది గదా, శుభ్రమేయని భ్రమపడరాదు. కాచిన నీరు, కడిగిన పండు, కడిగిన చేయి, ఈ మూడును లేనిదే ఇంటిలో చేసినదియు వీథిలో కొన్నదానికంటె మేలుగాదు.

దీనిలోని కిటుకంతయు పంచదారయందే యున్నది. ఉత్తనీరు సున్న డిగ్రీలయొద్ద గట్టిపడి ఱాయియగును. అందు పంచదార కలిపినచో అంత త్వరగా గట్టిపడదు. మొదట కొంతనీరు పలుకులుగా విడిపోవును. మిగిలిన పాకము చిక్కబడి, ఆ పలుకులనడుమ మెత్తగా నిలిచిపోవును. అందుచేతనే ఫలహిమము గరిటెకు లొంగును. పండులోని తీపియు మనము కలిపినదియు కూడి మొత్తము తూకములో నూటికి 25 మొదలు 30 పాళ్లుండవలెను. తక్కువైనచో ఱాయివలె బిగియును. మిక్కిలి యెక్కువైనచో ఎంతసేపటికిని గట్టిపడదు. చలువకు నాలుక మొద్దుబారి తీపి తక్కువగా దోచును గనుక, గడ్డకట్టకమునుపు రుచిచూచినపుడు కొంచె మధికముగా తియ్యనున్నచో సరిపోవును. రెండవ కిటుకు పలుకులు సన్నముగా నుండుట. ఊరక వదలినచో అవి పెరిగి కలకండవలె కరకరలాడును. నడుమ విరుగగొట్టినచో వెన్నవలెనుండును. ఆ పని మిక్సీ చేయును.

మామిడి ఫలహిమము

కావలసినవి: మామిడిపండ్ల గుజ్జు 500 గ్రాములు, పంచదార 100 గ్రాములు, నీరు 100 మిల్లీలీటర్లు, నిమ్మరసము ఒక పెద్ద చెంచాడు, ఉప్పు చిటికెడు.

నూజివీటి రసాలు దొరకినచో రుచికి సాటిలేదు. వానిని చేత పిసికి, పీచు పోవునట్లు జల్లెడలో వడియగట్టవలెను. బంగినపల్లికి పీచుండదు గనుక ముక్కలు తఱిగి మిక్సీలో నేరుగా వేయవచ్చును. ఏ పండైనను కోయకమునుపు కొంతసేపు నీట నానవేసి, చక్కగా రుద్ది కడుగుడు. కార్బైడుతో కాయలు మాగవేయుట మన దేశమున నిషిద్ధమైనను అంగళ్లలో అది పూర్తిగా మాయమైనదని నమ్మరాదు. పైకంతయు పసుపై లోపల పుల్లగా, వాసన లేక యున్న పండు దీనికి పనికిరాదు.

చేయువిధము: పంచదారను నీటిలో వేసి పొయ్యిమీద నుంచి, కరగి ఒక పొంగు రాగానే దించుడు. పాకము ముదురనక్కఱలేదు. పూర్తిగా చల్లారిన పిమ్మట గుజ్జు, నిమ్మరసము, ఉప్పు చేర్చి మిక్సీలో నొకసారి త్రిప్పుడు. వెడల్పైన స్టీలుపళ్లెములో రెండు వ్రేళ్ల మందము మించకుండ పోసి, మూతపెట్టి ఫ్రీజరులో నుంచుడు. లోతుగిన్నెలో పోసినచో నడుమ గట్టిపడుటకు చాల కాలము పట్టును. వేడిగానున్నదానిని ఎన్నడును లోపల పెట్టరాదు. రాత్రి పెట్టినచో తెల్లవాఱుసరికి గట్టిపడియుండును.

అప్పుడు పళ్లెమును వెలికిదీసి ఐదు పది నిమిషములు బయటనుంచి, ఉసిరికాయలంత ముక్కలుగా కోసి, జారులో సగమువఱకే వేయుడు. నిండుగా నింపినచో బ్లేడు చిక్కుకొని మోటారు వేడెక్కును. పది క్షణములు త్రిప్పి ఆపి, గరిటెతో క్రిందిది పైకి దెచ్చి, మఱల త్రిప్పుడు. నాలుగైదు మాఱులలో ముక్కలన్నియు వెన్నముద్దవలె నగును. విడువక త్రిప్పుచుండినచో వేడికి కరగి నీరగును. మెత్తబడినదానిని మూతగల డబ్బాలో నదిమిపెట్టి, రెండుగంటలు మఱల ఫ్రీజరులో నుంచి వడ్డింపుడు. ఏడు చిన్న గిన్నెలకు సరిపోవును.

జారును గూర్చి యొక హెచ్చరిక. అల్లము వెల్లుల్లి నూఱిన వాసన జారులోకంటె మూతయందలి రబ్బరుచుట్టులో దాగియుండును. దానిని ఊడదీసి నిమ్మచెక్కతో రుద్ది కడుగనిచో ఫలహిమము పులుసువాసన గొట్టును. ఫ్రిజ్జులోని పదార్థములకును ఇట్లే మూతలుండవలెను.

పుచ్చకాయతో చేయు విధము

పుచ్చకాయలో తీపి నూటికి ఏడెనిమిది పాళ్లే గనుక నీరు కలుపనక్కఱలేదు. గింజలు తీసి, మిక్సీవేసి వడియగట్టిన రసము 600 గ్రాములకు పంచదార 140 గ్రాములు, నిమ్మరసము ఒకటిన్నర పెద్ద చెంచాలు చేర్చుడు. రసములో కొంచెము విడిగా తీసి, అందే పంచదార వేసి వెచ్చజేసి కరగించి, చల్లార్చి తక్కినదానితో కలుపుడు. నాలుగు పుదీనాకులు నలిపివేసినచో వాసన బాగుండును. కాయను కోయకమునుపు పైతోలును కడుగుట మఱువకుడు; తోలుమీది మురికి కత్తివెంట లోనికి బోవును.

నేరేడుతో చేయు విధము

తొలకరిలో నేరేడుపండ్లు వచ్చినపుడు గింజలు చేతితోనే తీయవలెను. గుజ్జు 500 గ్రాములకు పంచదార 130 గ్రాములు, నీరు 50 మిల్లీలీటర్లు వేసి పాకముచేసి కలుపుడు. వేయించిన జీలకఱ్ఱపొడి చిటికెడు, నల్లుప్పు చిటికెడు చేర్చినచో వగరు విఱిగి అపూర్వమైన రుచి వచ్చును. పిల్లలకు పాతచొక్కాలు తొడిగిన పిమ్మటనే వడ్డింపుడు. సీతాఫలముల కాలమున అట్లే చేయవచ్చును గాని, ఒక్క గింజయైనను మిక్సీలో పడనీయరాదు. ఆ గింజలు తినదగినవి గావు.

చెడినచో సరిచేయుట

ఱాయివలె బిగిసినచో కరగించి, కాచి చల్లార్చిన పంచదారపాకము రెండు మూడు పెద్ద చెంచాలు కలిపి మఱల గడ్డకట్టింపుడు. గట్టిపడనిచో రసముగాని కాచి చల్లార్చిన నీరుగాని చేర్పుడు. ఫ్రీజరులో మంచు పేరుకొనియున్నచో చలువ చాలదు. ఆపివేసి కరగనీయవలెనే గాని కత్తితో గీకరాదు. లోపలి గొట్టము చిల్లిపడినచో ఫలహిమము వెల వేలకు పోవును. కరెంటు పోయి కొంచెము మెత్తబడినచో వడ్డించుటకుముందు మఱియొకసారి మిక్సీవేయుడు. పూర్తిగా కరగి వెచ్చబడి చాలసేపున్నచో మఱల గడ్డకట్టించి పిల్లలకు పెట్టకుడు.

ఫ్రిజ్జు లేనివారు

ఫ్రిజ్జు లేదని విచారింపనక్కఱలేదు. అంగడిమంచు నలుగగొట్టి, తూకమున మూడుపాళ్ల మంచునకు ఒకపాలు కల్లుప్పు కలిపి బకెట్టులో పోయుడు. ఉప్పు తగిలిన మంచు కరగుచు చుట్టునున్న వేడిని లాగుకొని, సున్నకు దిగువ 21 డిగ్రీలవఱకు చల్లబడగలదు. అందు బిగువైన మూతగల స్టీలుడబ్బా దింపి, అటునిటు త్రిప్పుచు, నడుమనడుమ మూతదీసి అంచులు గీకి కలుపుచుండినచో అరగంట ముప్పావుగంటలో చిక్కబడును. ఉప్పునీటిచుక్క లోన బడనీయరాదు. అంగడిమంచు ఏ నీటిదో తెలియదుగదా! ఆ ఉప్పుమంచులో వట్టిచేయి ఉంచరాదు. మిగిలిన నీటిని తులసిమొక్కకు పోయకుడు, మాడిపోవును. ఈ త్రిప్పుడుపని పిల్లలకు, వారి తండ్రులకు అప్పగింపుడు. బడిపంతులుగారైన మా వారు ఉప్పు మంచును చల్లపఱచు కారణమును పిల్లలకు బోధించుచు, తెలియకుండగనే అరగంట డబ్బా త్రిప్పుదురు.

ఎవరికి పెట్టవచ్చును

చల్లనివి తిన్న పడిశెము పట్టునని మా అత్తగారు మొదట వారించిరి. పడిశెమునకు కారణము సూక్ష్మక్రిములే గాని చలువ గాదు. అయినను ఉబ్బసమున్నవారికి చల్లనివి పడకపోవచ్చును. వారు వైద్యుని యడిగి తినుట మంచిది. మధుమేహమున్నవారి విషయమున మొగమాటము పనికిరాదు. నూఱు గ్రాముల గిన్నెలో తీపి సుమారు 25 గ్రాములు, అనగా ఐదు చిన్న చెంచాలుండును. పంచదారకు మాఱుగా తీపిమాత్రలు వేసి చేయుదమన్నచో, పంచదార చేయు మెత్తదనము వానికి లేదు, ఱాయియే మిగులును. అట్టి పెద్దలకు ఉప్పు, కరివేపాకు వేసిన చల్లని పలుచనిమజ్జిగ ఆదరముతో నిచ్చినచో చిన్నపుచ్చుకొనరు. పిల్లలకును ఇది పండుగవంటిది గావలెనే గాని దినవెచ్చము గారాదు.

కడపట నొక్కమాట. మన యిండ్లలో ఇల్లాలు అందఱకును వడ్డించి తుదకు కూర్చుండును. అన్నమైనచో చల్లారినను తినవచ్చును. ఫలహిమము మాత్రము ఆమెకొఱకు వేచియుండదు. గిన్నెలో రంగునీరు మిగులును. పొయ్యిసెగకు ముందుగా వేగినది ఆమెయే గనుక చలువయందు మొదటి పాలును ఆమెదే. కావున ఏడు గిన్నెలు ఒక్కసారే నింపి, అందొకటి మీరు చేతబట్టుకొని, అందఱతోపాటు కూర్చుండి తినుడు. ఎవరైన రెండవమాఱు కావలెనన్నచో గరిటె యెచ్చటనున్నదో చూపినచో చాలును.

మీ ప్రాంతమున దొరకు పండ్లతో మీరు చేసిన విధములు వ్రాసి పంపిన సంతోషింతును. వచ్చు మాసము వడియములను గూర్చి ముచ్చటింతము.