లేని పేటెంటుకు కప్పం, ఉన్న పేటెంటుకు రాయితీలు

2005 సీజన్లో 450 గ్రాముల బీటీ పత్తి ప్యాకెట్ దాదాపు 1,850 రూపాయలు. అందులో 1,250 దాకా విత్తనం ఖరీదే కాదు. 'ట్రెయిట్ వ్యాల్యూ' పేరుతో మహికో మోన్‌శాంటో బయోటెక్ వసూలు చేసుకున్న సొమ్ము. రాయల్టీ అనలేదు, ఎందుకని? రాయల్టీ అంటే పేటెంటు చూపించాలి. మొదటి బోల్‌గార్డ్ మీద మోన్‌శాంటోకు మన దేశంలో పేటెంటే లేదు!

అమెరికాలో తీసుకున్న పేటెంటు అమెరికా పొలిమేర దాటితే చెల్లదు. ఇక్కడ హక్కు కావాలంటే ఇక్కడ దరఖాస్తు పెట్టాలి, మన చట్టం ఒప్పుకోవాలి, ఏటేటా ఫీజు కట్టి దాన్ని నిలుపుకోవాలి. ఫీజు కట్టడం మానేస్తే హక్కు రద్దవుతుంది. ఎంత కట్టినా ఇరవై ఏళ్లే. ఈ చిన్న సంగతి మనకు ఏ డీలరూ చెప్పలేదు, ఏ అధికారీ చెప్పలేదు. అప్పు తెచ్చి ప్యాకెట్ కొన్నాం.

2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్లాక గానీ ప్యాకెట్ 750కి దిగలేదు. ఆ ధరకు కంపెనీలు మునిగిపోయాయా? లేదు. అంటే అంతకుముందు తీసుకున్నదంతా ఏమిటో మీరే లెక్క వేసుకోండి.

రెండో బోల్‌గార్డ్‌కు మాత్రం వాళ్లు జాగ్రత్తపడ్డారు. 1999 నవంబరు దరఖాస్తుపై 2008లో 214436 నంబరు పేటెంటు వచ్చింది. హైదరాబాద్ కంపెనీ నూజివీడు సీడ్స్‌తో ఫీజు తగాదా కోర్టుకెక్కింది. మొక్కలకు, విత్తనాలకు, వాటి భాగాలకు పేటెంటు లేదని మన చట్టంలోని సెక్షన్ 3(జె) చెబుతోంది. 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ ఆ పేటెంటు చెల్లదంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు పక్కనపెట్టి, పూర్తి విచారణ జరపమని కేసు వెనక్కి పంపింది. ఆ ఏడాది నవంబరుకు పేటెంటు గడువే తీరింది. 2021లో కంపెనీలు రాజీపడ్డాయి. విత్తనంలో దూర్చిన జన్యువు ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు జవాబు రాకుండానే ఫైలు మూసేశారు. ఆ రాజీలో రైతును అడిగినవాడు లేడు.

కనిపెట్టినవాడికి ప్రతిఫలం దక్కొద్దా అంటారు కొందరు పెద్దలు. దక్కాలి, కాదనం. మరి గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి బోల్‌గార్డ్‌ను తట్టుకుంటోందని 2010లో కంపెనీయే ఒప్పుకుంది కదా, ఆ నష్టంలో వాటా ఎవరు తీసుకున్నారు? మందు డబ్బా ఖర్చు మన నెత్తినే పడింది. కేంద్రం ట్రెయిట్ ఫీజును 2016లో 49 రూపాయలకు తగ్గించి, 2020కి గానీ సున్నా చేయలేదు.

అంతటితో పీడ వదిలిందనుకుంటే పొరపాటు. 2024 మార్చిలో కేంద్రం పేటెంటు రూల్స్ మార్చింది. పేటెంటు ఇవ్వకముందే ఎవరైనా అభ్యంతరం చెప్పే హక్కు అప్పటిదాకా ఉచితం. ఇప్పుడు దానికి ఫీజు. పైగా అభ్యంతరం వినదగ్గదో కాదో ముందు కంట్రోలర్ తేలుస్తాడు. మరి పేటెంటుదారుకో? నాలుగేళ్ల ఫీజు ఒకేసారి ఆన్‌లైన్‌లో కడితే పది శాతం తగ్గింపు! పేటెంటును ఇక్కడ వాడుతున్నాడో లేదో ఏటా చెప్పాల్సిన లెక్క ఇక మూడేళ్లకోసారి చెబితే చాలు. అడ్డుపడేవాడికి సుంకం, హక్కుదారుకు డిస్కౌంట్. ఇదేం న్యాయం?

ఈ రూల్స్ వెనక్కి తీసుకోవాలి. రైతులు, రైతు సంఘాలు పెట్టే అభ్యంతరాలకు ఫీజు ఎత్తేయాలి. ట్రెయిట్ ఫీజు అడిగే ప్రతి ప్యాకెట్ మీదా భారతీయ పేటెంటు నంబరు, గడువు తేదీ తెలుగులో అచ్చువేయాలి.

ప్రభుత్వం కదిలేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. పేటెంట్ ఆఫీసు జర్నల్ ప్రతి శుక్రవారం ఆన్‌లైన్‌లో ఉచితంగా వస్తుంది. అందులో పడిన దరఖాస్తుకు ఆరు నెలల దాకా పేటెంటు ఇవ్వరు. అభ్యంతరానికి అదే అదను. పత్తి అమ్మిన డబ్బుతో అశోక్ నగర్‌లో గదులు అద్దెకు తీసుకుని, సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కు చదువుతున్న మన పిల్లలు 3(జె)ని ఒక మార్కు బిట్‌గా బట్టీ పడుతున్నారు. వాళ్లలో నలుగురైదుగురు వారానికి ఒక పూట ఆ జర్నల్ చూసి విత్తన దరఖాస్తులు ఏరిపెడితే, అభ్యంతరం రాయించే పని, ఫీజు కట్టే పని సంఘం చూసుకోవాలి. మండల కమిటీలు వచ్చే సమావేశానికి అలాంటి పిల్లల పేర్లు తీసుకురావాలి.