కోలుకొన్నవారికి కొలువులో చోటు

కాలు విరిగి మూడు నెలలు మంచాన పడిన ఉద్యోగి తిరిగి కార్యాలయానికి వస్తే తోటివారు ఎదురేగి కుశలమడుగుతారు. మెట్లెక్కలేడని కింది అంతస్తులో బల్ల వేయిస్తారు. కుంగుబాటుకు చికిత్స పొంది వచ్చిన ఉద్యోగికి ఆ ఆదరణ దక్కడం అరుదు. ఎదుట మౌనం, చాటున గుసగుసలు అతనికి స్వాగతం పలుకుతాయి. దేహానికి వచ్చిన జబ్బును జబ్బుగానూ, మనసుకు వచ్చిన జబ్బును వ్యక్తి లోపంగానూ ఎంచడమే ఇందుకు కారణం.

ఈ సమస్య ఏ కొద్దిమందిదో కాదు. కుంగుబాటు, ఆందోళన రుగ్మతల వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 1,200 కోట్ల పనిదినాలు నష్టమవుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పేర్కొన్నది. చికిత్సతోపాటు పనిలో తగిన సర్దుబాట్లు చేసి, ఇట్టివారిని తిరిగి చేర్చుకోవాలని ఆ సంస్థ సూచించింది.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తీవ్రమైన మానసిక రుగ్మతను కూడా వైకల్యంగా గుర్తించింది. ఉద్యోగకాలంలో వైకల్యం పొందినవారిని ప్రభుత్వ సంస్థలు తొలగించరాదు, హోదా తగ్గించరాదు. పాత పనికి తగనిచో అదే వేతనశ్రేణిలో మరొక పని ఇవ్వాలి. అయితే ఈ నియమం ప్రైవేటు కొలువులకు వర్తించదు. అక్కడ ఉద్యోగికి రక్ష చాలావరకు యాజమాన్యం విజ్ఞతే.

తిరిగి చేరిన తొలి వారాలు కీలకమైనవి. కొన్ని మందుల వల్ల ఉదయం మగతగా ఉండవచ్చు. అట్టివారికి పనివేళలు కొంత సడలించాలి. రాత్రి షిఫ్టులు నిద్రను చెడగొడతాయి కనుక కొంతకాలం తప్పించాలి. వైద్యుని వద్దకు వెళ్లడానికి సెలవు ఇవ్వాలి. పనిభారాన్ని మెల్లమెల్లగా పెంచాలి. జబ్బు వివరాలు ఎవరికి తెలియాలో ఉద్యోగియే నిర్ణయించుకోవాలి.

జాలి మితిమీరినా ప్రమాదమే. బాధ్యతలన్నీ తప్పించి ఊరక కూర్చోబెడితే, తాను ఎందుకూ కొరగానివాడినన్న భావం ఆ ఉద్యోగిలో బలపడుతుంది. అతనికి కావలసినది చేయగలిగినంత పని, దానిపై నమ్మకం.

ఒకరికి సడలింపు ఇస్తే ఆ భారం ఇతరులపై పడుతుందని కొందరి ఆక్షేపణ. అది కాదనలేనిది. అందుకే ఆ పనిని యాజమాన్యం ముందుగానే పంచిపెట్టాలి, సహోద్యోగులపై నెట్టివేయరాదు. ఈ ఏర్పాటు చాలామంది విషయంలో కొంతకాలమే అవసరం. అనుభవజ్ఞుని పోగొట్టుకొని, కొత్తవారికి మొదటినుంచి పని నేర్పడం అంతకంటే పెద్ద నష్టం.

నేటి విద్యార్థులే రేపటి ఉద్యోగులు, అధికారులు. చట్టం కుర్చీని కాపాడగలదు గాని, పక్క కుర్చీలోని మనిషి చేత మాట్లాడించలేదు. ఆ పలకరింపు తరగతిగదిలోనే అలవడాలి. కొన్నాళ్లు కళాశాలకు రాలేక తిరిగి వచ్చిన సహవిద్యార్థిని కారణాలడిగి వేధించక, తప్పిపోయిన పాఠాలు చెప్పి పక్కన కూర్చోబెట్టుకొన్నవాడు రేపు మంచి సహోద్యోగి కాగలడు.