ఫైల్ సర్వర్‌కు ఏ ఓఎస్ మంచిది?

విండోసా లైనక్సా అనే గొడవంటే మన ఐటీ జనానికి భలే ఇష్టం. కాకపోతే అది ఎక్కువగా హైదరాబాదు, బెంగళూరు ఏసీ గదుల్లో కూర్చుని చేసేది. అదే ప్రశ్న అనంతపురంలో ఓ చిన్న ఆఫీసు వాళ్ళు అడిగితే?

పన్నెండు మంది పనిచేసే ఆఫీసు అనుకోండి. ఊళ్ళు తిరిగి రాసుకొచ్చిన వేరుశనగ రైతుల పేర్లు, సర్వే నంబర్లు, ఎండిపోయిన బోర్ల లెక్కలు, పంట ఫోటోలు అన్నీ ఒక్క మిషన్లోనే. పంటల బీమా దగ్గర పేచీ వస్తే చూపించడానికి ఉండేవి అవే. పేర్లు పోతే మళ్ళీ తిరిగి రాసుకోవచ్చు. పోయిన ఏడాది ఎండిన చేను ఫోటో మళ్ళీ తీయగలమా?

ఇలాంటి చోట ఓ పాత డెస్క్‌టాప్‌లో ఫోల్డర్ షేర్ చేసి దానికే సర్వర్ అని పేరు పెట్టేస్తుంటారు. అందులో విండోస్ 10 ఉంటే, దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తోనే ఆపేసింది. పోనీ విండోస్ సర్వర్ కొందామంటే, మామూలుగా దాని లైసెన్సు కాక మనిషికో మిషనుకో ఒక్కో క్యాల్ కూడా కొనాల్సి ఉంటుంది.

నా ఓటు డెబియన్, దాని మీద సాంబా. లైసెన్సు ఖర్చు లేదు. అందరి విండోస్ పీసీల్లో మామూలు డ్రైవ్ లాగే కనిపిస్తుంది. మిగిలిన డబ్బుతో మంచి యూపీఎస్, రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు కొనొచ్చు.

అలాగని "లైనక్స్‌కి ఏమీ కాదు" అంటే ఒప్పుకోను. 2017 మేలో వాన్నక్రై దెబ్బకు ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కాయి. దాని ప్యాచ్ మార్చిలోనే వచ్చింది, వేసుకోని వాళ్ళు దొరికిపోయారు. సరిగ్గా అదే మే నెలలో సాంబాలోనూ 2010 నుంచీ ఉన్న పెద్ద కన్నం బయటపడింది!

అసలు వైరస్ సర్వర్ దాకా రానక్కర్లేదు. క్లర్కు పీసీలో దూరితే చాలు, షేర్‌లో ఉన్న ఫైళ్ళన్నీ అక్కణ్ణుంచే తాళం వేసేస్తుంది. క్లర్కుకు రాసే హక్కు ఉంది కాబట్టి ఏ ఓఎస్ అయినా సరేనంటుంది. అప్పుడు ఆదుకునేవి రోజూ తీసిన స్నాప్‌షాట్లు, వైరు పీకి బీరువాలో దాచిన డిస్కు.

"అక్కడ లైనక్స్ వచ్చినవాడు దొరకడు కదా" అంటారు. న్యాయమైన ప్రశ్నే. జేఎన్‌టీయూ ఉన్న ఊళ్ళో తెలిసిన కుర్రాళ్ళకు కొదవ లేదు గానీ, ఉద్యోగం రాగానే బెంగళూరు బండెక్కేస్తారు. అందుకే సెటప్ చేసి వచ్చేయకుండా, ఏం చేయాలో రెండు పేజీల్లో తెలుగులో రాసివ్వండి. మీరు చేతులు కట్టుకుని నిలబడి, ఆఫీసులో వాళ్ళ చేతే ఒక ఫైలు రీస్టోర్ చేయించండి. చేయగలిగారా, డెబియన్ ఉంచేయండి. చేయలేకపోతే వాళ్ళకు తెలిసిన విండోసే నయం, సపోర్టు ఉన్న వెర్షన్ అయితే చాలు.

ఇంతకీ మీరు పెట్టొచ్చిన సర్వర్లలో బ్యాకప్ తెరిచి చూసి ఎన్నాళ్ళయింది?