డాక్టర్లు పెరుగుతున్నారు.. మన డాక్టరు ఎక్కడ?

మీ ఇంట్లోనో, మీ చుట్టాల ఇంట్లోనో, పక్క అపార్ట్‌మెంటులోనో నీట్‌కు చదువుతున్న పిల్లలు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్లకు సీటొస్తే అయిదున్నరేళ్లకు ఎం.బి.బి.ఎస్. పూర్తవుతుంది. పీజీ కూడా చేస్తే తొమ్మిది, పదేళ్లు. ఇవాళ మీ వయసు యాభై అయితే, అరవైలో మీ బీపీ చూసేదీ, అర్ధరాత్రి ఛాతీ నొప్పితో వెళ్తే అది గ్యాసా, గుండెపోటా అని తేల్చేదీ ఈ పిల్లలే. అందుకే దేశంలో ఎంతమంది డాక్టర్లు తయారవుతున్నారు, ఎలా తయారవుతున్నారు, ఎక్కడ పనిచేస్తున్నారు అన్నది నీట్ రాసే పిల్లలున్న ఇళ్లకే పరిమితమైన విషయం కాదు. రేపు మంచం పట్టే ప్రతి ఒక్కరిదీ.

ముందు మంచి కబురు చెప్పుకుందాం. 2013-14లో దేశంలో 387 వైద్య కళాశాలలు ఉండేవి. 2024-25 నాటికి అవి 780 అయ్యాయి. ఎం.బి.బి.ఎస్. సీట్లు 51 వేల నుంచి లక్షా 18 వేలకు చేరాయి. పీజీ సీట్లు 31 వేల నుంచి 70 వేలు దాటాయి. మన దగ్గరే చూడండి. తెలంగాణలో 2022లో ఎనిమిది, 2023లో తొమ్మిది ప్రభుత్వ కళాశాలలు కొత్తగా మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో వచ్చాయి. ఒకప్పుడు డాక్టర్ చదువంటే హైదరాబాద్, విశాఖ, గుంటూరు, కాకినాడ, కర్నూలు, వరంగల్ లాంటి కొద్ది ఊళ్ల పేర్లే వినిపించేవి. ఇప్పుడు ఆసిఫాబాద్, భూపాలపల్లి పేర్లూ ఆ జాబితాలో చేరాయి. జిల్లా ఆసుపత్రికి కళాశాల తోడైతే అక్కడికి స్పెషలిస్టులు వస్తారు, పరికరాలు వస్తాయి, రాత్రిపూట కూడా వార్డులో డాక్టరు ఉంటాడు. ఇది చిన్న మార్పు కాదు.

మరి ఇంతమంది డాక్టర్లుంటే ఊళ్లో జ్వరమొస్తే చూసేవాళ్లు ఎందుకు దొరకడం లేదు?

లెక్కలో ఉన్నవాళ్లు, అందుబాటులో ఉన్నవాళ్లు

2024లో కేంద్ర ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం దేశంలో నమోదైన అల్లోపతి వైద్యులు 13 లక్షల 86 వేల మంది. వీరిలో 80 శాతం మంది అందుబాటులో ఉన్నారనుకుని, దానికి 5 లక్షల 65 వేల మంది ఆయుష్ వైద్యులను కలిపి, 836 మందికి ఒక డాక్టరు ఉన్నారని చెప్పింది. వెయ్యి మందికి ఒకరుంటే చాలని మనం తరచూ వినే కొలతకన్నా ఇది మెరుగే. అయితే ఆయుష్ వైద్యులను పక్కన పెట్టి అదే లెక్క వేస్తే, 140 కోట్ల జనాభాకు దాదాపు 1,260 మందికి ఒకరు వస్తారు. పైగా ఇది దేశం మొత్తానికి సగటు. హైదరాబాద్‌లో ఒకే వీధిలో నాలుగు క్లినిక్‌లు ఉంటాయి. ఏజెన్సీ గ్రామంలో గర్భిణిని డోలీ కట్టి మోసుకొస్తారు. సగటు తీస్తే ఇద్దరి లెక్కా ఒకటే.

ఇంకో లెక్క చూడండి. ఊళ్లకు దగ్గరగా స్పెషలిస్టులు ఉండాల్సిన చోటు సామాజిక ఆరోగ్య కేంద్రం, అంటే మనం సీహెచ్‌సీ అనే ముప్పై పడకల ఆసుపత్రి. అక్కడ ఒక సర్జన్, ఒక ఫిజీషియన్, ఒక గైనకాలజిస్టు, ఒక పిల్లల డాక్టరు ఉండాలన్నది నియమం. 2022 మార్చి నాటికి దేశంలో గ్రామీణ సీహెచ్‌సీలు 5,480. అంటే 21,920 మంది కావాలి. ఉన్నది 4,485 మంది. అయిదు కుర్చీలుంటే నాలుగు ఖాళీ.

ఉన్న ఆ ఒక్కరైనా పూర్తిగా పనిచేయగలరా అంటే అదీ కష్టమే. గైనకాలజిస్టు ఉండి మత్తు డాక్టరు లేకపోతే సిజేరియన్ జరగదు. ఇద్దరూ ఉండి రక్తం నిల్వ లేకపోతే రిస్కు కేసును ముట్టుకోరు. ముగ్గురూ ఉండి రాత్రి డ్యూటీకి నర్సు లేకపోతే ఆపరేషన్ తర్వాత తల్లిని చూసే దిక్కుండదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ డాక్టర్లను విడిగా లెక్కించి ఊరుకోదు. డాక్టర్లు, నర్సులు, మంత్రసానులు అందరూ కలిసి పది వేల జనాభాకు 44.5 మంది ఉండాలంటుంది. మన చర్చల్లో మాత్రం ఎప్పుడూ సీట్ల మాటే. నర్సింగ్ పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయని ఏ పెళ్లిలోనూ, ఏ టీవీ చర్చలోనూ ఎవరూ అడగరు.

‘ఒట్టి ఎం.బి.బి.ఎస్సేనా?’

మీ తాతగారి తరంలో ఊరికో ఎల్.ఎం.పి. డాక్టరు ఉండేవారు. 1946లో భోర్ కమిటీ నివేదిక ఇచ్చేనాటికి దేశంలో నమోదైన వైద్యులు 47 వేల పైచిలుకు. వారిలో ఎక్కువమంది ఈ లైసెన్షియేట్లే. రెండు రకాల డాక్టర్లు వద్దు, దేశమంతటికీ ఒకే స్థాయి మౌలిక వైద్యుడు ఉండాలి, అన్ని జబ్బులకూ మొదటి చికిత్స అతనే చేయగలగాలి అని కమిటీ సూచించింది. ఆ మౌలిక వైద్యుడే నేటి ఎం.బి.బి.ఎస్. ఎల్.ఎం.పి. చదువు క్రమంగా ఆగిపోయింది.

ఎనభై ఏళ్లు తిరక్కుండానే ఆ మౌలిక వైద్యుడిని మనమే చిన్నచూపు చూశాం. ‘అబ్బాయి డాక్టరండీ’ అనగానే ‘ఒట్టి ఎం.బి.బి.ఎస్సేనా, పీజీ ఉందా?’ అని అడుగుతాం. పెళ్లిచూపుల్లో అడుగుతాం, క్లినిక్ బోర్డు చూసీ అడుగుతాం. ఫలితం ఏమిటో బోధనాసుపత్రుల్లో పనిచేసే మాలాంటి వాళ్లకు రోజూ కనబడుతుంది. హౌస్ సర్జన్సీ అనేది కుట్లు వేయడం, సెలైన్ పెట్టడం, కాన్పు చేయడం, కుటుంబానికి చావు కబురు చెప్పడం నేర్చుకునే సంవత్సరం. ఆ సంవత్సరం కాస్తా పీజీ ప్రవేశపరీక్ష ప్రిపరేషన్‌గా మారింది. వార్డులో రోగి పక్కన గడపాల్సిన గంటలు ఫోన్లో ప్రశ్నల బ్యాంకుకు పోతున్నాయి. ఆ పిల్లల్ని తప్పుబట్టలేను. ఎం.బి.బి.ఎస్.తో ఆగితే సమాజం ఓడిపోయినట్టు చూస్తుందని వాళ్లకు తెలుసు.

పీజీ సీట్ల ఎంపికలోనూ ఇదే ధోరణి. రేడియాలజీ, చర్మవ్యాధులు లాంటి బ్రాంచీలు ముందే అయిపోతాయి. అనాటమీ, ఫిజియాలజీ లాంటి పాఠం చెప్పే సబ్జెక్టుల్లో సీట్లు మిగిలిపోతాయి. మిగిలిపోయిన సీట్లు నింపడానికి 2023లో నీట్ పీజీ అర్హత పర్సంటైల్‌ను సున్నాకు తగ్గించాల్సి వచ్చింది. కుటుంబ వైద్యంలో ఎం.డి. అనే కోర్సు ఉందని చాలామంది చదువుకున్నవాళ్లకే తెలియదు. ఉన్న సీట్లు కొన్నే.

దీని ఖరీదు ఎవరు కడుతున్నారో చెబుతాను. మా ఓపీలో తరచూ కనిపించే రోగిని ఊహించుకోండి. అరవై దాటిన రిటైర్డ్ ఉద్యోగి. షుగరుకు ఒక డాక్టరు, బీపీకి గుండె డాక్టరు, మోకాళ్లకు ఎముకల డాక్టరు. ముగ్గురూ మంచివాళ్లే, ముగ్గురి మందులూ విడివిడిగా చూస్తే సరైనవే. కానీ మోకాళ్ల నొప్పికి నెలలు తరబడి మింగిన నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి. బీపీకి వాడే కొన్ని మాత్రలతో కలిస్తే కిడ్నీని దెబ్బతీస్తాయి. ఒకే మందు రెండు బ్రాండ్ల పేర్లతో రెండు చీటీల్లో ఉంటుంది. మూడు చీటీలూ ఒకేచోట పెట్టి చూసే మనిషి మాత్రం లేడు. క్రియాటినిన్ పెరిగాక నాలుగో స్పెషలిస్టు దగ్గరకు వెళ్తారు. లండన్‌లో ఉన్న మీ అబ్బాయినో, అమ్మాయినో అడగండి. అక్కడ మామూలుగా ముందు తమ పేరు నమోదైన జనరల్ డాక్టరును చూడాలి, స్పెషలిస్టు దగ్గరకు పంపాలో లేదో ఆయనే నిర్ణయిస్తాడు. అక్కడ ఆ పని చేస్తున్నవాళ్లలో మన తెలుగు డాక్టర్లూ ఉన్నారు. అదే పనికి ఇక్కడ గౌరవం ఇవ్వలేకపోయాం.

భవనం రెండేళ్లు, ప్రొఫెసరు ఎనిమిదేళ్లు

సీట్లు పెంచడానికి ఒక ఉత్తర్వు చాలు. భవనం రెండు, మూడేళ్లలో లేస్తుంది. కానీ ఎం.డి. పూర్తిచేసిన వ్యక్తి సీనియర్ రెసిడెంటుగా, అసిస్టెంట్, అసోసియేట్ ప్రొఫెసరుగా పనిచేసి ప్రొఫెసరు కావడానికి సుమారు ఎనిమిదేళ్లు పడుతుంది. కళాశాలలు పదేళ్లలో రెట్టింపయ్యాయి. బోధకులు ఆ వేగంతో తయారు కాలేరు. కాగితం మీద మాత్రమే కనిపించే అధ్యాపకుల బెడద తగ్గించడానికే జాతీయ వైద్య కమిషన్ ఆధార్‌తో ముడిపెట్టిన హాజరు తెచ్చింది. తెచ్చే అవసరం వచ్చిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది.

వైద్యం పుస్తకంతో వచ్చే విద్య కాదు. గుండె కవాటం నుంచి వచ్చే శబ్దాన్ని స్టెతస్కోపుతో పట్టుకోవాలంటే పక్కన నిలబడి ‘ఇక్కడ పెట్టు, ఇప్పుడు విను’ అని చెప్పేవాళ్లు కావాలి. చూడటానికి రోగులు కావాలి. ఖాళీ పడకలున్న ఆసుపత్రిలో ఎంత తెలివైన విద్యార్థయినా ఏమీ నేర్చుకోలేడు. కిర్గిజ్‌స్థాన్, ఫిలిప్పీన్స్, జార్జియా దేశాలకు వెళ్లి చదివిన మన పిల్లల కష్టంలోనూ ఇదే మూలం. భాష రాని చోట రోగితో మాట్లాడలేక, పడక పక్కన నేర్చుకునేది తక్కువ. ఇక్కడికొచ్చి రాసే అర్హత పరీక్షలో ఇటీవలి విడతల్లో చాలావాటిలో ఉత్తీర్ణత మూడో వంతు కూడా దాటలేదు. అప్పు చేసి పంపిన తల్లిదండ్రుల గోడు వేరే చెప్పనక్కర్లేదు.

కూతురు డాక్టరు.. కోడలు?

1875లో మద్రాసు వైద్య కళాశాల నలుగురు మహిళలను చేర్చుకున్నప్పుడు అదో వింత. ఇవాళ చాలా కళాశాలల్లో తరగతి గదిలోకి వెళ్తే సగమో, అంతకన్నా ఎక్కువో అమ్మాయిలే. మన వైద్యరంగంలో వచ్చిన అతిపెద్ద మార్పు ఇదేనని నా అభిప్రాయం. ఇంటింటికీ తిరిగి ఆరోగ్యం చూసే ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, నర్సులు ముందునుంచీ మహిళలే. ఇప్పుడు డాక్టర్లూ వాళ్లే అవుతున్నారు.

అయితే ఆసుపత్రి మాత్రం ఇంకా పాత కాలం మగవాళ్ల కోసం కట్టినట్టే ఉంది. చాలాచోట్ల రాత్రి డ్యూటీలో తలుపు గడియ సరిగా పడే గది ఉండదు, విడిగా టాయిలెట్ ఉండదు, పాలిచ్చే తల్లికి పిల్లను ఉంచుకునే చోటు ఉండదు. 2024 ఆగస్టులో కోల్‌కతాలో డ్యూటీలో ఉన్న యువ వైద్యురాలిపై జరిగిన ఘోరం దేశాన్ని కదిలించింది. ఆ కదలిక తలుపు గడియల దాకా చేరిందా అన్నదే ప్రశ్న. ‘అమ్మాయిలు సీటు తీసుకుని, పెళ్లయ్యాక మానేస్తారు’ అని తేలిగ్గా అనేవాళ్లున్నారు. కూతురు డాక్టరు కావాలి, కోడలు మాత్రం నైట్‌డ్యూటీ మానాలి అనుకునే ఇళ్లలోనే ఈ మాట ఎక్కువ వినబడుతుంది. సురక్షితమైన క్వార్టర్లు, పిల్లల సంరక్షణ, విరామం తర్వాత తిరిగి చేరే వీలు కల్పించకపోతే, సమాజం ఖర్చుపెట్టి తయారుచేసుకున్న డాక్టర్లలో చాలామందిని చేజేతులా పోగొట్టుకుంటాం.

మీ చేతిలో ఉన్నది

ప్రభుత్వాలు చేయాల్సింది చాలా ఉంది. నర్సులు, మత్తు డాక్టర్ల పోస్టులు నింపాలి. ఊళ్లో పనిచేసే డాక్టరుకు ఇల్లు, భద్రత, పీజీలో ప్రాధాన్యం ఇవ్వాలి. పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేసే జిల్లా రెసిడెన్సీ లాంటి మంచి ఏర్పాట్లను మొక్కుబడిగా కాక మనసుపెట్టి నడపాలి. కానీ డాక్టర్ల తీరును మార్చే శక్తి మధ్యతరగతి ఇళ్ల దగ్గర కూడా ఉంది. మీరు ఎవరి దగ్గరకు వెళ్తారో, పిల్లలకు ఏం నూరిపోస్తారో దాన్నిబట్టే రేపటి డాక్టరు తయారవుతాడు.

ఇంటికి దగ్గర్లో నమ్మకమైన ఒక జనరల్ డాక్టరును ఎంచుకోండి. ఎం.బి.బి.ఎస్. కావచ్చు, కుటుంబ వైద్యం లేదా జనరల్ మెడిసిన్ చేసినవారు కావచ్చు. జ్వరం నుంచి మోకాళ్ల నొప్పి దాకా ముందు అక్కడికే వెళ్లండి. స్పెషలిస్టు రాసిన ప్రతి చీటీనీ తెచ్చి వారికి చూపించండి. ఛాతీ నొప్పి, మూతి వంకరపోవడం, ఆయాసం లాంటి అత్యవసరాల్లో మాత్రం ఎవరికోసమూ ఆగకుండా పెద్దాసుపత్రికే వెళ్లాలి.

పిల్లల్ని మెడిసిన్‌లో చేర్చేముందు ర్యాంకు, ఫీజుతోపాటు మరో నాలుగు విషయాలు కనుక్కోండి. ఆ ఆసుపత్రి ఓపీకి రోజుకు ఎంతమంది వస్తారు? నెలకు ఎన్ని కాన్పులవుతాయి? సీనియర్ విద్యార్థులు ప్రొఫెసర్లను వార్డులో నిజంగా చూస్తున్నారా? హౌస్ సర్జన్లకు స్టైపెండ్ ఇస్తున్నారా? భవనం అద్దాలు చూసి మోసపోకండి.

ఇక చివరగా ఒక మాట. మీ చుట్టాలబ్బాయి ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి ఏదో మండలంలో పీహెచ్‌సీలో చేరాడని తెలిస్తే, ‘పీజీ రాలేదా పాపం’ అనకండి. ‘అక్కడ ఎలా ఉంది, కాన్పులు చేస్తున్నావా, పాము కాటు మందు ఉందా’ అని అడగండి. అతను అక్కడ రెండేళ్లు నిలబడితే, ఆ మండలంలో ఏ స్పెషలిస్టు దాకా వెళ్లనక్కర్లేకుండానే కొన్ని వందల జబ్బులు నయమవుతాయి.