వంద గజాల లాను, ముగ్గురి నీళ్ళు

ఆనందపురం చుట్టుపక్కల విల్లా వెంచర్ల బ్రోచర్లు ఎప్పుడైనా చూశారా? ఏది తిప్పినా ముందు కనబడేది పచ్చటి లానే. అందంగా ఉండదని నేననట్లేదు. కానీ దానికయ్యే నీళ్ళ లెక్క మాత్రం ఏ బ్రోచర్లోనూ ఉండదు. ఆ లెక్కేదో మనమే కడదాం.

వంద గజాలంటే సుమారు 84 చదరపు మీటర్లు. మండువేసవిలో లానుకి రోజుకి 5 మిల్లీమీటర్ల నీళ్ళు కావాలనుకుందాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరంటే సరిగ్గా లీటరు. వెరసి రోజుకి 420 లీటర్లు! నగరాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లన్నది ప్రభుత్వ ప్రమాణం. అంటే లాను ముగ్గురి వాటా తాగేస్తోందన్నమాట. పోనీ అద్దె కడుతుందా అంటే అదీ లేదు :)

"మా బోరు, మా ఇష్టం" అంటారా? మన స్థలానికి కాంపౌండు వాల్ ఉంది గానీ నేల కింద నీళ్ళకి లేదు కదా. పక్కనే పూలు పండించుకునే రైతు బావిలోకి ఊరాల్సిందీ ఆ నీళ్ళే. ఆయనకది జీవనం, మనకి అలంకారం.

విశాఖలో వానలకి కొదవలేదు, ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల దరిదాపు. కాకపోతే చాలామటుకు జూన్-నవంబర్ మధ్యే పడిపోతుంది. మిగతా నెలలు ఓర్చుకునే కానుగ, వేప, రేల, తంగేడు, వావిలి మన నేలకి తెలిసినవే. మొదటి ఒకటి రెండేళ్ళు నీళ్ళు పోసి, మొదట్లో ఎండుటాకులు కప్పితే చాలు, తర్వాత వాటి బతుకు అవి బతుకుతాయి. అలాగని ఎండకి తట్టుకునే ప్రతిదీ మంచిది కాదు. కోనోకార్పస్ కూడా తట్టుకుంటుంది, కానీ గుజరాత్ 2023లో దాన్ని నాటడమే నిషేధించింది.

పొదలుంటే పాములొస్తాయనే భయం ఉంటుంది. ఇళ్ళకి దూరంగా, ప్రహరీ వెంట పెట్టి కత్తిరిస్తుంటే సరి. పిల్లలు ఆడుకునేంత మేర గడ్డి ఉంచుకోండి, ఎవరూ కాలు పెట్టని గడ్డి తీసేయండి. అమెరికాలో నెవాడా రాష్ట్రం చేసిందీ ఇదే. అలంకారం కోసమే ఉన్న గడ్డికి 2027 నుంచి కొలరాడో నీళ్ళు పెట్టకూడదని 2021లో చట్టం తెచ్చింది, సొంతిళ్ళకి మినహాయింపునిస్తూ.

మనకి చట్టం దాకా ఎందుకు? అసోసియేషన్ మీటింగులో పార్కింగు గొడవ అయ్యాక ఓ పది నిమిషాలు దీనికిస్తే చాలదూ? ఏమంటారు?